ఏథెన్స్ గుడ్లగూబ నాణెం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత నాణేల పిచ్చి ఉన్న తెలుగువాళ్లు నలుగురు కలిస్తే మాట శాతవాహనుల దగ్గర మొదలై, రోమన్ల మీదుగా, చివరికి గ్రీకుల దగ్గరికి చేరుతుంది. అక్కడికి రాగానే అందరూ అడిగేది గుడ్లగూబ గురించే. ఇన్నేళ్లలో నన్ను అడిగిన ప్రశ్నల్లో మళ్లీ మళ్లీ వచ్చినవి, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

అసలు ఏమిటీ నాణెం?

ప్రాచీన ఏథెన్స్ నగరం ముద్రించిన వెండి నాణెం. అసలు పేరు టెట్రాడ్రాక్మ్, అంటే నాలుగు డ్రాక్మాల బిళ్ల. బరువు సుమారు 17.2 గ్రాములు, మన లెక్కలో దాదాపు ఒకటిన్నర తులం. అడ్డంగా చూస్తే మన పాత దళసరి ఐదు రూపాయల బిళ్లంతే ఉంటుంది కానీ బరువు దానికి దాదాపు రెట్టింపు. మొదటిసారి అరచేతిలో పెట్టుకున్నవాళ్లంతా "ఇంత బరువా!" అంటారు.

ఒకవైపు ఎథీనా దేవత తల, ఇంకోవైపు గుడ్లగూబ. ఈ రూపం క్రీ.పూ. 6వ శతాబ్దం చివర్లో మొదలైంది. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా కనిపించేవి క్రీ.పూ. 454 నుంచి 404 మధ్యవి. ఆ తర్వాత కూడా ముద్రించారు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో పలచగా, వెడల్పుగా, గుడ్లగూబను పడుకోబెట్టిన కూజా మీద నిలబెట్టి కొత్త రకం తెచ్చారు. వాటి కథ వేరు. ఇక్కడ చెప్పేది పాత రకం గురించే.

బొమ్మా బొరుసుల మీద ఏమేం ఉంటాయి?

నా దగ్గరున్న నాణెం ముందు పెట్టుకునే రాస్తున్నాను. బొమ్మ వైపు ఎథీనా కుడివైపు తిరిగి ఉంది. ముఖం పక్కకు ఉన్నా కన్ను మాత్రం ఎదురుగా చూస్తున్నట్టు, బాదంగింజలా ఉంది. పెదవుల చివర చిన్న నవ్వు. శిరస్త్రాణం మీద వరసగా మూడు ఆలివ్ ఆకులు, వాటి వెనక తీగలా మెలికలు తిరిగిన అలంకారం. పైన ఉండాల్సిన కుచ్చు నా నాణెంలో సగమే పడింది, మిగతా సగం అంచు బయటికి పోయింది. చాలా గుడ్లగూబలు ఇలాగే ఉంటాయి. వెండి బిళ్ల కంటే అచ్చు పెద్దది కావడంతో ఏదో ఒక పక్క తెగిపోతుంది. కుచ్చు మొత్తం పడిన నాణేనికి ధర పెరగడానికి కారణం ఇదే.

బొరుసు వైపు చతురస్రంగా గుంట, అందులో గుడ్లగూబ. ఒళ్లు కుడివైపు, ముఖం మాత్రం సూటిగా మనవైపు. రెండు గుండ్రటి కళ్లు. రొమ్ము మీద ఈకలన్నీ చిన్న చిన్న చుక్కలు. వెనక ఆలివ్ కొమ్మ, దాని కింద చిన్న నెలవంక. ముందు పై నుంచి కిందికి మూడు గ్రీకు అక్షరాలు: ఆల్ఫా, థీటా, ఎప్సిలాన్. "ఏథెన్స్ వాళ్లది" అనడానికి పొట్టి రూపం.

ఆ నెలవంక ఎందుకో పండితులు ఒక మాట మీద లేరు. పర్షియా మీద గెలిచిన మారథాన్ యుద్ధానికి గుర్తన్నారు కొందరు, సలామిస్ యుద్ధానికన్నారు ఇంకొందరు. రాత్రి తిరిగే పక్షి కాబట్టి చందమామను పెట్టారన్నది ఇంకో వాదన. నాకు చివరిదే సరళంగా, నమ్మబుద్ధయ్యేలా అనిపిస్తుంది.

గుడ్లగూబ అపశకునం కదా, డబ్బు మీద ఎందుకు వేసుకున్నారు?

మనకు అపశకునం. బెంగాల్లో లక్ష్మీదేవి వాహనం. ఏథెన్స్ వాళ్లకు నగరదేవత ఎథీనా పక్షి. వాళ్ల కోటకొండ రాళ్ల సందుల్లో చిన్న గుడ్లగూబలు ఉండేవి. అంత దండిగా ఉండేవి కాబట్టే అక్కర్లేని చోటికి సరుకు మోసుకెళ్లడాన్ని వాళ్లు "ఏథెన్స్‌కి గుడ్లగూబలు తీసుకెళ్లడం" అనేవాళ్లు.

నాణేన్ని కూడా "గుడ్లగూబ" అనే పిలిచేవాళ్లు. క్రీ.పూ. 414లో అరిస్టోఫనీస్ తన "పక్షులు" నాటకంలో ప్రేక్షకులను మంచి మాటలతో ఊరిస్తాడు: లారియన్ (వాళ్ల వెండి గనులున్న చోటు) గుడ్లగూబలు మీ ఇంట్లోనే కాపురముంటాయి, మీ డబ్బు సంచిలో గూడు కట్టి చిల్లర పిల్లల్ని పొదుగుతాయి అని. ప్రాచీన రచయిత ప్లూటార్క్ ఇంకో కథ చెప్పాడు. స్పార్టా చేతిలో ఏథెన్స్ ఓడిపోయాక స్పార్టా సేనాని గిలిప్పస్ చేతికి డబ్బు సంచులు ఇచ్చి స్పార్టాకు పంపారు. అతను సంచుల అడుగు కుట్లు విప్పి కొంత కాజేసి, ఇంటి పెంకుల కింద దాచాడు. అతని సేవకుడు అధికారులకు విషయం నేరుగా చెప్పకుండా, "కెరమైకోస్ కింద గుడ్లగూబలు చాలానే నిద్రపోతున్నాయి" అన్నాడట. కెరమైకోస్ అన్నది ఏథెన్స్‌లో కుమ్మరివాడ పేరు. గ్రీకులో పెంకు అనే మాటకూ దగ్గరగా వినిపిస్తుంది. మాట అర్థమైపోయింది, గిలిప్పస్ పరువు పోయింది.

ఇంత వెండి ఎక్కడిది?

ఏథెన్స్‌కు దక్షిణాన, సముద్రతీరం దగ్గర లారియన్ గనులది. అక్కడ దొరికేది శుద్ధమైన వెండి కాదు, వెండి కలిసిన సీసపు ఖనిజం. దాన్ని దంచి, నీళ్లతో కడిగి, కరిగించి సీసం తీసేవాళ్లు. ఆ సీసాన్ని మళ్లీ పుటం పెడితే సీసం మడ్డిగా విడిపోయి వెండి ముద్ద మిగిలేది. కంసాలి పని చూసినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. అలా వచ్చిన వెండి చాలా స్వచ్ఛంగా ఉండేది. అందుకే ఈ నాణేన్ని ఏ రేవులోనైనా కళ్లు మూసుకుని తీసుకునేవాళ్లు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో జెనొఫోన్ రాశాడు: ఏథెన్స్ వచ్చిన వర్తకుడు తిరుగు ప్రయాణానికి వేరే సరుకు కొనక్కర్లేదు, వెండి పట్టుకెళ్లినా చాలు, ఎక్కడ అమ్మినా లాభమే అని.

క్రీ.పూ. 483 ప్రాంతంలో ఆ గనుల్లో కొత్తగా గొప్ప వెండి పొర బయటపడింది. వచ్చిన సొమ్మును పౌరులందరికీ తలా పది డ్రాక్మాలు పంచుదామన్నారు. ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్ వద్దన్నాడు, యుద్ధనౌకలు కట్టిద్దామన్నాడు. చరిత్రకారుడు హెరడోటస్ లెక్కలో 200 నౌకలు, అరిస్టాటిల్ పేరు మీద ఉన్న గ్రంథం లెక్కలో 100 టాలెంట్ల వెండి, 100 నౌకలు. 100 టాలెంట్లంటే సుమారు 2,600 కిలోల వెండి, నాణేల్లో చెప్తే లక్షా యాభై వేల గుడ్లగూబలు. మూడేళ్లు తిరక్కుండానే, క్రీ.పూ. 480లో, సలామిస్ దగ్గర పర్షియా నౌకాదళాన్ని ఓడించింది ఆ నౌకలే.

ఈ వెండి వెనక మనుషుల సంగతి చెప్పకుండా దాటవేయలేను. ఆ గనుల్లో పనిచేసింది బానిసలు. చాలా సొరంగాల్లో నిటారుగా నిలబడే వీలు కూడా లేదు, పాకుతూనే వెళ్లాలి. చేతిలో నూనె దీపం, చుట్టూ సీసపు దుమ్ము. నికియాస్ అనే ధనికుడికి వెయ్యిమంది బానిసలుండేవారు. ఒక్కొక్కరినీ రోజుకు ఒక ఒబోల్ చొప్పున గనికి అద్దెకిచ్చేవాడు. క్రీ.పూ. 413లో స్పార్టా సైన్యం ఏథెన్స్ దగ్గరి డెకెలియాలో తిష్ఠ వేసినప్పుడు ఇరవై వేలకు పైగా బానిసలు ఏథెన్స్ వాళ్లను వదిలి పారిపోయారని థుసిడిడీస్ రాశాడు. గుడ్లగూబ అందాన్ని ఎంత పొగిడినా, ఆ ఇరవై వేల మంది సంగతి కూడా పక్కనే చెప్పాలి.

ఆ రోజుల్లో ఒక గుడ్లగూబకు ఏమొచ్చేది?

నాలుగు రోజుల కూలి. క్రీ.పూ. 5వ శతాబ్దం చివర్లో ఎరెక్థియన్ ఆలయం కట్టిన పనివాళ్ల లెక్కలు రాతి మీద ఉన్నాయి. రోజుకు ఒక డ్రాక్మా ఇచ్చారు. పౌరుడికీ, పరదేశికీ, బానిసకూ ఒకటే రేటు. యుద్ధనౌకలో తెడ్డు వేసేవాడికి సిసిలీ దండయాత్రలో ఇచ్చింది కూడా రోజుకు డ్రాక్మానే. కాబట్టి ఇది సంతలో ఆకుకూర కొనే చిల్లర కాదు. చిల్లరకు ఒబోల్ ఉండేది, డ్రాక్మాలో ఆరో వంతు. అంత చిన్న వెండి బిళ్లలను జనం నోట్లో బుగ్గన పెట్టుకుని బజారుకు వెళ్లేవాళ్లు.

ఎలా తయారుచేసేవాళ్లు?

చేత్తోనే. ఎథీనా అచ్చు కింద దిమ్మలో బిగించి ఉండేది. దానిమీద వేడిచేసిన వెండి బిళ్ల పెట్టి, పైన గుడ్లగూబ అచ్చు ఉన్న ఉలిలాంటి కడ్డీ ఆనించి, సుత్తితో కొట్టేవాళ్లు. ఏ రెండు నాణేలూ ఒక్కలా ఉండకపోవడానికి కారణం ఇదే.

నేను చూసిన నాణెం మీద లోతుగా గాటు ఉంది. పాడైనట్టేనా?

అందం చూసేవాళ్లకు పాడైనట్టే, ధర సగానికి పడిపోవచ్చు. నాకు మాత్రం ఆ గాటే ఇష్టం. నా నాణెం మీద గుడ్లగూబ తల పక్కనుంచి ఒక ఉలి దెబ్బ ఉంది. గాటు లోపలికి భూతద్దంతో చూస్తే అడుగు దాకా వెండే కనిపిస్తుంది. ఎప్పుడో ఎవరో వర్తకుడు, లోపల రాగి లేదు కదా అని అనుమానం తీర్చుకున్నాడు. తీరింది, తీసుకున్నాడు. ఆ అనుమానం ఇరవై నాలుగు వందల ఏళ్లుగా ఆ వెండి మీద అలాగే ఉండిపోయింది.

అనుమానానికి కారణం లేకపోలేదు. రాగి బిళ్లకు పైన వెండి రేకు తొడిగిన దొంగ నాణేలు అప్పట్లోనే ఉండేవి. పైగా ఒకసారి ప్రభుత్వమే ఆ పని చేసింది. గనులు ఆగిపోయి, ఖజానా ఖాళీ అయ్యి, యుద్ధం ఓడిపోతున్న రోజుల్లో, క్రీ.పూ. 406 ప్రాంతంలో, ఏథెన్స్ వెండిపూత వేసిన రాగి నాణేలు విడుదల చేసింది. ఆ మరుసటి ఏడాదే అరిస్టోఫనీస్ "కప్పలు" నాటకంలో ఎత్తిపొడిచాడు: మన ఊరు మంచి మనుషుల్ని పక్కన పెట్టి పనికిమాలినవాళ్లను ఎలా నెత్తిన పెట్టుకుందో, మంచి వెండిని పక్కన పెట్టి ఈ రాగి బిళ్లల్ని కూడా అలాగే వాడుకుంటోందని.

క్రీ.పూ. 375లో చేసిన ఒక చట్టం చెక్కిన రాయి 1970లో ఏథెన్స్ అగోరా (పాత బజారు) తవ్వకాల్లో దొరికింది. దాన్ని ప్రతిపాదించినవాడు నికోఫోన్. ఆ చట్టం ప్రకారం నాణేలు పరీక్షించే మనిషి బజారులో డబ్బు బల్లల మధ్య కూర్చోవాలి. అతను కూడా ప్రభుత్వ బానిసే. లోపల రాగి గానీ సీసం గానీ ఉంటే అక్కడికక్కడే నాణేన్ని రెండుగా కోసి దేవతల తల్లి గుడికి ఇచ్చేయాలి. మంచిదని అతను తేల్చిన నాణేన్ని తీసుకోనన్న వర్తకుడి ఆ రోజు సరుకంతా జప్తు. పరీక్షకుడు తన చోట కూర్చోకపోయినా, చట్టం చెప్పినట్టు చూడకపోయినా యాభై కొరడా దెబ్బలు. పైరియస్ రేవులో ఇంకో పరీక్షకుణ్ణి కూడా పెట్టమన్నారు.

గుడ్లగూబలు మన దేశందాకా వచ్చాయా?

ఉపఖండం వాయవ్యం దాకా వచ్చాయి. 1933లో కాబూల్‌లో ఇంటి పునాదులు తవ్వుతుంటే బయటపడిన నిధిలో గ్రీకు నాణేలు, పర్షియా వెండి, అక్కడి స్థానిక ముద్రల వెండి ముక్కలు కలిసి ఉన్నాయి. 2007లో పెషావర్ దగ్గర పుష్కలావతిలో దొరికిన చిన్న నిధిలో తొలినాటి ఏథెన్స్ టెట్రాడ్రాక్మ్ ఒకటి ఉంది, మన వైపు ముద్రలు కొట్టిన వెండి ముక్కల మధ్య. అక్కడ దాన్ని ఎథీనా ముఖం చూసి ఎవరూ తీసుకుని ఉండరు, తూకం వేసి వెండిగా తీసుకుని ఉంటారు. ఈజిప్టులో, పశ్చిమాసియాలో, బాక్ట్రియాలో (ఇప్పటి ఉత్తర అఫ్గానిస్తాన్ ప్రాంతం) అయితే అచ్చం గుడ్లగూబల్లాంటివే సొంతంగా కొట్టుకున్నారు. కొన్నింటి మీద అరమాయిక్ అక్షరాలు కూడా ఉంటాయి.

తెలుగు నేల మీద దొరికిన పడమటి నాణేలు ప్రధానంగా రోమన్‌వి. నల్గొండ జిల్లా అక్కెనపల్లి వెండి దీనారాలు వాటిలో పేరున్నవి. అంతకు ముందు మనకు విద్ధాంక నాణేలు, అంటే ముద్రలు కొట్టిన వెండి ముక్కలు, ఉండేవి. గుడ్లగూబల కాలానికి వాటికి పూర్వరూపాలైన వెండి ముక్కలే పుష్కలావతి నిధిలో గుడ్లగూబ పక్కన దొరికాయి. ఆ రెండూ ఒకే మూటలో ఉండటం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది.

వీటిని సేకరించడం ఎప్పుడు మొదలైంది?

యూరప్‌లో పాత నాణేల మోజు ఇటలీలో మొదలైంది. కవి పెట్రార్క్ 1354లో చక్రవర్తి నాలుగో చార్లెస్‌కు రోమన్ నాణేలు కానుకగా ఇచ్చాడు, ఆ పాతవాళ్లను చూసి నేర్చుకోమని. చాలాకాలం మోజంతా రోమన్ నాణేల మీదే. గ్రీకు ప్రాంతాలు ఒట్టోమన్ల ఏలుబడిలో ఉండటంతో అక్కడి నాణేలు పడమటికి తక్కువగా వచ్చేవి. 18వ శతాబ్దంలో లెక్క మారింది. లండన్‌లో డాక్టర్ విలియం హంటర్ కట్టలు కట్టలుగా కొన్నాడు, ఆయన సేకరణ ఇప్పుడు గ్లాస్గోలో ఉంది. వియన్నాలో యోజెఫ్ ఎకెల్ 1792 నుంచి 1798 దాకా ఎనిమిది సంపుటాలు రాసి, నాణేలను ఊరివారీగా పేర్చే పద్ధతి స్థిరపరిచాడు. మ్యూజియంల అరల్లో ఇప్పటికీ ఆ వరసే నడుస్తోంది.

ఆ తర్వాత వచ్చినవాళ్లలో నేను బాగా గౌరవించేది ఫ్రాన్స్‌కు చెందిన డ్యూక్ ద లుయిన్‌ను. జీవితమంతా పోగుచేసిన నాణేలను 1862లో దేశ గ్రంథాలయానికి ఉచితంగా ఇచ్చేశాడు. స్విట్జర్లాండ్‌లో ఇమ్‌హోఫ్-బ్లూమర్ ఇంకో రకం మనిషి. అందం కోసం కాక, తేడాలు పోల్చి చూడటానికి వేలకు వేలు సేకరించాడు, 1900లో అవి బెర్లిన్ చేరాయి. సేకరణ వేరు, చదువు వేరు కాదని చూపినవాళ్లు వీళ్లు. ఇప్పుడు మనం నాణెం చూసి ఏ కాలానిదో చెప్పగలుగుతున్నామంటే అలాంటివాళ్ల అరల పుణ్యమే.

అన్నిటికంటే ఖరీదైన గుడ్లగూబ ఏది?

డెకాడ్రాక్మ్. పది డ్రాక్మాల నాణెం, సుమారు 43 గ్రాములు. క్రీ.పూ. 460ల ప్రాంతంలో కొద్దికాలమే ముద్రించారు. దీనిమీద గుడ్లగూబ పక్కకు తిరిగి ఉండదు, రెక్కలు రెండూ చాపి ఎదురుగా నిలబడుతుంది. ఎందుకు ముద్రించారో ఎన్నో ఊహలున్నాయి, రుజువు ఒక్కటీ లేదు.

దీని సేకరణ చరిత్రలో రెండు ఘట్టాలు చెప్పాలి. మొదటిది టెక్సాస్ హంట్ సోదరులది. నెల్సన్ బంకర్, విలియం హెర్బర్ట్ ఇద్దరూ కలిసి ప్రపంచంలోని వెండి కొంటూ పోయారు. 1980 జనవరిలో ఔన్సు ధర 50 డాలర్ల దగ్గరికి పోయింది. మార్చి 27న కుప్పకూలింది. అప్పుల్లో మునిగి 1988లో దివాలా తీశారు. వాళ్లు కొన్న గొప్ప గ్రీకు, రోమన్ నాణేలు 1990లో న్యూయార్క్‌లో సోత్‌బీస్ వేలానికి వచ్చాయి. వాటిలో ఏథెన్స్ డెకాడ్రాక్మ్ కూడా ఉంది. గుట్టలుగా కొన్న వెండి వాళ్లను ముంచింది. చేతిలో పట్టేంత వెండి, వాళ్ల పేరు తగిలించుకుని, ఇప్పటికీ కేటలాగుల్లో తిరుగుతోంది.

రెండోది ఎల్మలీ. 1984లో తుర్కియే నైరుతిన, అంటాల్యా ప్రాంతంలోని ఎల్మలీ దగ్గర, మెటల్ డిటెక్టర్లతో వెతుకుతున్నవాళ్లకు లంకెబిందె దొరికింది. సుమారు 1,900 వెండి నాణేలు. వాటిలో 14 ఏథెన్స్ డెకాడ్రాక్మ్‌లు. అప్పటికి ప్రపంచం మొత్తం మీద తెలిసినవి 13 మాత్రమే! నిధి దొంగదారిన దేశం దాటింది. ఎక్కువ భాగాన్ని అమెరికా కోటీశ్వరుడు విలియం కోక్, అతని భాగస్వాములు కొన్నారు. తుర్కియే ప్రభుత్వం 1989లో అమెరికా కోర్టులో దావా వేసింది. పదేళ్లు నడిచింది. 1999లో ఒప్పందం కుదిరి నాణేలు వెనక్కి వెళ్లాయి.

వెనక్కి వెళ్లాయి సరే, పోయిందేదో పోయింది. కుండలో ఏది పైన, ఏది అడుగున, పక్కన ఏముంది, ఆ చోటు ఇల్లా గుడా, ఇవన్నీ పురావస్తువాళ్లు చూసి ఉంటే డెకాడ్రాక్మ్ ఎందుకు ముద్రించారో కూడా తేలేదేమో. రాత్రికి రాత్రి తవ్విన గొయ్యిలో ఆ జవాబులు మిగలవు.

కొనేటప్పుడు పాత యజమానుల వివరాలు అంత గట్టిగా ఎందుకు అడగాలి?

పై జవాబులో సగం కారణం ఉంది. మిగతా సగం మీ జేబుకు సంబంధించింది. గత కొన్నేళ్లలో గుడ్లగూబలు పెద్ద సంఖ్యలో కొత్తగా మార్కెట్లోకి వచ్చాయి, మెరుస్తూ, దాదాపు అరగకుండా. చాలావాటికి "పాత సేకరణ నుంచి" అన్న ఒక్క మాట తప్ప వెనక కథ ఏమీ ఉండదు. ఎవరి సేకరణ? ఏ సంవత్సరం? రసీదు ఉందా? వేలం కేటలాగులో ఫోటో ఉందా? ఈ నాలుగూ అడగండి. 1930ల కేటలాగులో మీ నాణెం ఫోటో ఉండి, అదే గాటు, అదే అంచు పగులు కనిపిస్తే, అది నిన్నమొన్న ఎవరి పొలంలోంచో దోచుకొచ్చింది కాదని మీకు నమ్మకం. నిన్నమొన్న తయారుచేసింది కాదని కూడా నమ్మకం.

నేనైతే కాగితాలున్న అరిగిన నాణేన్నే ఎంచుకుంటాను, కాగితాల్లేని తళతళలాడేదాన్ని వదిలేస్తాను. నా గాటు నాణెంతో పాటు వచ్చిన చిన్న అట్ట చీటీ ఉంది. ఎవరిదో నీలి సిరా చేతిరాత, బరువు, కొన్న సంవత్సరం. ఆ చీటీని నాణెం పక్కనే దాచాను. పాత చీటీలు, కవర్లు ఎప్పుడూ పారేయకండి.

దొంగ నాణేన్ని ఎలా గుర్తుపట్టాలి?

నా మొదటి గుడ్లగూబ దొంగది. ఒక నాణేల ప్రదర్శనలో కొన్నాను. అమ్మినాయన నెమ్మదిగా, నమ్మకంగా మాట్లాడాడు, నేను తూకం కూడా వేయించలేదు. ఇంటికొచ్చి ఆనందంగా మా వీధి చివర నగలు చేసే ఆచారి గారికి చూపించాను. ఆయన వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పి, అంచు మీద గోరు జరిపి, "వెండే బాబూ. కానీ ఇది పోత పోసింది, కొట్టింది కాదు" అన్నారు. అంచు చుట్టూ సన్నటి గీత, రెండు అచ్చులు కలిసిన చోటు. బొమ్మ మీద చిన్న చిన్న బుడగల గుంటలు. తూకం వేస్తే 15 గ్రాములు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ నాణెం ఇప్పటికీ నా దగ్గరుంది, కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు అంచు మీద గోరు ఎక్కడ ఆగాలో దానితోనే చూపిస్తాను.

ఇంట్లో చేసుకోదగ్గ పరీక్షలు కొన్నే. ముందు తూకం. మంచి గుడ్లగూబ 17 గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, బాగా అరిగితే కొంచెం తగ్గుతుంది. తర్వాత నీళ్లలో వేలాడదీసి సాంద్రత చూడటం. వెండికి 10.5 దగ్గర రావాలి, రాగి కలిస్తే తగ్గుతుంది. అంచు, బుడగలు, అక్షరాల మెత్తదనం భూతద్దంతో చూడాలి. ఇవన్నీ పోత నాణేలను పట్టిస్తాయి. మంచి వెండి మీద కొత్త అచ్చుతో కొట్టినవాటిని పట్టించవు. వాటికి అనుభవం ఉన్న కన్ను, అచ్చుల పోలిక కావాలి.

ఈ విద్య పాతదే. జర్మనీకి చెందిన కార్ల్ బెకర్ 19వ శతాబ్దం మొదట్లో వందల అచ్చులు సొంతంగా చెక్కాడు. కొట్టిన నాణేలను ఇనుప రజనుతో పెట్టెలో వేసి గుర్రబ్బండికి తగిలించి ఊరంతా తిప్పేవాడట, అరిగి పాతవిగా కనిపించాలని. 20వ శతాబ్దం మొదట్లో ఏథెన్స్‌లోనే క్రిస్టొడూలోస్ అనే ఆయన ఇదే పని చేశాడు.

అనుభవం ఉంటే మోసపోమనుకోవడానికీ లేదు. 2012 జనవరిలో న్యూయార్క్ నాణేల ప్రదర్శనలో పేరున్న ఒక సర్జన్‌ను పోలీసులు అరెస్టు చేశారు. అమెరికా నాణేల సంఘంలో పెద్ద పదవి చేసిన మనిషి. సిసిలీలోని అక్రగాస్ డెకాడ్రాక్మ్ వంటివి అమ్మబోతూ, ఈమధ్యే తవ్వి తీసినవని తనే ఒకరితో అన్నాడు. పరీక్షిస్తే అవి నకిలీలని తేలింది! అంత తెలిసినవాడు అవి దొంగదారిన తవ్వినవని నమ్మి మరీ దగ్గర పెట్టుకున్నాడు. కాగితాలు అడిగి ఉంటే రెండు తప్పులూ జరిగేవి కావు.

ఇప్పుడు ధర ఎంత?

బాగా అరిగినవి, గాట్లున్నవి కొన్ని వందల డాలర్లకు దొరుకుతాయి. చక్కగా మధ్యలో పడి, కుచ్చుతో సహా కనిపించేవి వెయ్యి, రెండు వేల డాలర్లు దాటతాయి. పాత యజమానుల చరిత్ర గట్టిగా ఉన్నవాటికి ఇంకా పైన. డెకాడ్రాక్మ్ సంగతి మనలాంటివాళ్లకు ఫోటోల్లోనే. ఇన్వెస్ట్‌మెంట్ అని మాత్రం కొనకండి. ఒక్క పెద్ద నిధి బయటపడితే ధర జారుతుంది.

ప్లాస్టిక్ డబ్బాలో గ్రేడ్ వేసి ఇచ్చేవి కొంటే టెన్షన్ ఉండదా?

కొంత తగ్గుతుంది. ముద్ర ఎలా పడింది, ఉపరితలం ఎలా ఉంది అన్నదానికి ఐదుకు ఇన్ని అని మార్కులు వేస్తారు. నకిలీ భయం బాగా తగ్గుతుంది, కానీ ఎక్కడి నుంచి వచ్చిందో ఆ డబ్బా చెప్పదు. పైగా అంచును గోటితో తాకే వీలుండదు.

ఇండియాకు తెచ్చుకోవచ్చా? అమెరికాలో ఉన్న మావాళ్లు కొనొచ్చా?

విదేశాల నుంచి తెచ్చేటప్పుడు రసీదుతో సహా కస్టమ్స్‌లో చూపించి తీరాలి. జేబులో వేసుకుని వచ్చేద్దామనుకోకండి. మన దేశం నుంచి బయటికి పంపే విషయంలో 1972 పురావస్తువుల చట్టం కఠినంగా ఉంటుంది: వందేళ్లు దాటిన నాణేలు కూడా పురావస్తువుల కిందికే వస్తాయి, సొంతంగా ఎగుమతి చేయడం నేరం. పొలంలో దున్నుతుంటే పాత నాణేల కుండ దొరికితే 1878 నిధుల చట్టం ప్రకారం కలెక్టర్‌కు చెప్పాలి.

అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడికక్కడ వేలాల్లో కొనుక్కోవచ్చు. బయటి నుంచి తెప్పించుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త. గ్రీస్‌తో చేసుకున్న ఒప్పందం వల్ల 2011లో చాలా రకాల ప్రాచీన గ్రీకు నాణేల మీద దిగుమతి ఆంక్షలు పెట్టారు. పాత యజమానుల కాగితాలు ఇక్కడ నేరుగా పనికొస్తాయి. తుర్కియే, గ్రీస్ టూర్లకు వెళ్లినప్పుడు శిథిలాల దగ్గర ఎవరైనా చాటుగా నాణెం చూపిస్తే వెంటనే పక్కకు తప్పుకోండి. నకిలీ అయితే డబ్బు పోతుంది, అసలైతే ఎయిర్‌పోర్టులో మీరే చిక్కుకుంటారు.

నల్లబడింది. తోమితే మెరుస్తుందా?

మెరుస్తుంది, ఆ మెరుపుతోనే నాణెం విలువ పోతుంది. చింతపండు, విభూది, పీతాంబరి పొడి, టూత్‌పేస్ట్, ఏవీ వద్దు. ఒకాయన వారసత్వంగా వచ్చిన నాణేన్ని పూజ గదిలో వెండి కుందులతో పాటు తోమించి నాకు చూపించారు. ఎథీనా కన్ను నున్నగా అయిపోయింది, గుడ్లగూబ రొమ్ము మీద చుక్కలు సగం లేవు. ఆయన ముఖం చూసి ఏమీ అనలేకపోయాను. చెక్క అరల్లో ఏళ్ల తరబడి ఉన్న వెండికి వచ్చే బూడిద, ఊదా, నలుపు కలిసిన రంగును సేకరించేవాళ్లు కోరి మరీ వెతుక్కుంటారు. అంచులు పట్టుకుని తీయండి, మెత్తటి గుడ్డ పరిచిన బల్ల మీదే చూడండి, పీవీసీ కవర్లలో పెట్టకండి. ఆ కవర్లు వెండి మీద పచ్చటి జిగురు వదులుతాయి.

కొనే ఉద్దేశం లేదు, చూస్తే చాలు. ఎక్కడికి వెళ్లాలి?

ఏథెన్స్ వెళ్తే నాణేల మ్యూజియం తప్పకుండా చూడండి. ట్రాయ్ తవ్వించిన ష్లీమన్ కట్టుకున్న ఇంట్లోనే ఉంది. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం, గ్లాస్గోలో హంటర్ సేకరణ, బెర్లిన్‌లో నాణేల విభాగం కూడా ఉన్నాయి. అంత దూరం వెళ్లలేకపోతే, యూరప్ నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల పర్సులో మిగిలిన చిల్లర చూడమనండి. గ్రీస్ ముద్రించిన 1 యూరో నాణెం దొరికితే వెనక్కి తిప్పండి: అదే గుడ్లగూబ, అదే ఆలివ్ కొమ్మ, అవే మూడు అక్షరాలు.